శిఖం మీద శీతకాలం

శంషాబాద్ చెరువులు, చెలకలు, విమానాశ్రయ పరిసరాల్లో వలసపక్షుల పరిశీలన

హైదరాబాదుకు దక్షిణాన, శంషాబాద్ విమానాశ్రయం చుట్టూ ఉన్న చెరువులు, కుంటలు, చెలకలు ఏటా సెప్టెంబరు చివరి నుంచి ఏప్రిల్ వరకు సైబీరియా, మంగోలియా, కజకిస్తాన్, టిబెట్ ప్రాంతాల్లో గుడ్లుపెట్టి పిల్లలను లేపే అనేక పక్షిజాతులకు విడిదిగా ఉంటాయి. ఆర్కిటిక్ తీరం నుంచి హిందూ మహాసముద్రం దాకా, ముప్పై దేశాల మీదుగా సాగే ఈ రాకపోకల దారిని పక్షిశాస్త్రవేత్తలు మధ్య ఆసియా వలసమార్గం అని పిలుస్తారు. ఉత్తరాన మంచు కమ్మి పురుగూ గింజా దొరకని నెలల్లో పక్షులు దక్షిణానికి దిగివచ్చే విశాలమైన ఆకాశపట్టీ అది. పులికాట్, కొల్లేరు, మంజీర వంటి చోట్లకు ఈ పక్షుల వల్ల వచ్చిన పేరు శంషాబాద్‌కు రాలేదు, వచ్చే సూచనలూ లేవు. ఇక్కడి పరిశీలన అంటే సెలవు పెట్టి చేసే యాత్ర కాకుండా, ఇంటికి దగ్గరలో ఉన్న ఒకే చెరువునో ఒకే బీడునో వారం వారం చూస్తూ, కనిపించిన ప్రతి జాతినీ సంఖ్యతో సహా రాసి పెట్టుకోవడమే. నేల రూపం ఇంత వేగంగా మారుతున్న ప్రాంతంలో, మారకముందు అక్కడ ఏముండేదో చెప్పగల సాక్ష్యం అలాంటి రాతల్లో తప్ప మరెక్కడా మిగలడం లేదు కాబట్టి, ఈ చిన్న పనికి దాని పరిమాణాన్ని మించిన విలువ ఉన్నది.

ఈ ప్రాంతానికి పక్షులు ఎందుకు వస్తాయో తెలియాలంటే మొదట నీటిని చూడాలి. గ్రానైటు గుట్టల మధ్య పల్లంలోకి జారే వాననీటిని కట్టలు వేసి ఆపడం, ఒక చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరేలా కాలువలు తీయడం దక్కన్ పీఠభూమిలో శతాబ్దాలుగా సాగిన వ్యవసాయ పద్ధతి; ఇలా ఒకదానికొకటి ముడిపడినవాటినే గొలుసుకట్టు చెరువులు అంటారు. దీనికి తోడు 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ నిర్మితమయ్యాయి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. శంషాబాద్‌కు వాయవ్యంగా ఉన్న హిమాయత్‌సాగర్ వరద ఆపడానికీ తాగునీటికీ కట్టిన జలాశయమే అయినా, దాని వెడల్పైన, లోతు తక్కువైన పైభాగం శీతకాలపు బాతులకూ బురదలో మేసే పక్షులకూ అక్కరకు వచ్చింది. కట్టించినవారు ఆ సంగతి తలపెట్టి ఉండరు.

నీరు ఎంత ఉన్నదనే దానికంటే ఎంత వేగంగా తగ్గుతున్నదనేదే ఇక్కడ పక్షుల రాకను నిర్ణయిస్తుంది. చెరువు నిండినప్పుడు మునిగి, నీరు తగ్గినప్పుడు బయటపడే అంచు భూమిని తెలంగాణలో శిఖం అంటారు. వానాకాలమంతా నీటి కింద నానిన ఆ మట్టిలో పురుగుల గుడ్లు, లార్వాలు, నత్తలు, గడ్డి విత్తనాలు పేరుకొని ఉంటాయి. నీరు రోజుకు కొంచెం చొప్పున వెనక్కి జరిగేకొద్దీ ఆ మేత కొత్త కొత్త పట్టీలుగా బయటపడుతుంది. చిన్న కుంటలు నవంబరులోనే ఈ స్థితికి వస్తాయి, మధ్యరకం చెరువులు డిసెంబరు, జనవరి నెలల్లో వస్తాయి, పెద్ద జలాశయం అంచులు ఫిబ్రవరి నాటికి గానీ తేలవు. బురదలో మేసే పక్షులు ఈ వరుసనే అనుసరిస్తాయి కనుక, వాటి కోసం నవంబరులో పెద్ద నీటి దగ్గరకు, ఫిబ్రవరిలో ఎండిన కుంట దగ్గరకు వెళ్ళిన పరిశీలకుడు రెండుసార్లూ వట్టి చేతులతో తిరిగివస్తాడు. వానలు దండిగా కురిసి హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తిన ఏడాదిలో నీరు చాలాకాలం అంచుల దాకా నిలిచిపోతుంది. పత్రికలు నిండుకుండలాంటి జలాశయాన్ని చూసి సంతోషిస్తాయి గానీ, బురద దొరకని ఉల్లంకి పిట్టలు ఆ శీతకాలం మరో చోటు వెతుక్కుంటాయి.

ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో శీతకాలపు పరిశీలకులు ఇదే పనిని తలకిందులైన పరిస్థితుల్లో చేస్తారు. అక్కడ డిసెంబరులో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు; లాంకషైర్‌లోని మార్టిన్ మియర్ వంటి చిత్తడి నేలలకు ఐస్‌లాండ్ నుంచి గులాబికాళ్ల గూస్‌లు, హూపర్ హంసలు వేలల్లో దిగుతాయి; గట్టి చలి పడి చిన్న మడుగులు గడ్డకట్టినప్పుడు, గడ్డకట్టని నీటి దగ్గర పక్షులన్నీ గుమిగూడతాయి. అక్కడ మంచు చేసే పనిని ఇక్కడ ఎండ చేస్తుంది. శంషాబాద్‌లో అదే నెలలో పగలు పదకొండు గంటలు ఉంటుంది, తెల్లవారుజామున పన్నెండు, పదిహేను డిగ్రీల చలి ఉన్నా తొమ్మిది దాటేసరికి స్వెట్టరు విప్పవలసి వస్తుంది. అందువల్ల పరిశీలనకు పనికొచ్చేది పొద్దు పొడిచిన తరువాతి రెండు గంటలు, పొద్దు వాలే ముందరి గంటన్నర మాత్రమే.

బురద అంచు మీద

తడి శిఖం మీద తిరిగే చిన్న పక్షులను మొదటిసారి చూసేవారికి అన్నీ ఒకే మట్టిరంగు పిట్టలుగా తోస్తాయి. వీటిలో చాలావాటిని తెలుగువారు ఉల్లంకి పిట్టలు అనే ఒకే పేరుతో సరిపెట్టుకున్నారు. శాస్త్రం వాటిని శాండ్‌పైపర్, స్టింట్, ప్లవర్ అనే తెగలుగా విడదీస్తుంది. మూడు శాండ్‌పైపర్లను పక్కపక్కన చూస్తే పోలికలూ తేడాలూ త్వరగా పట్టుబడతాయి. కామన్ శాండ్‌పైపర్ నిలబడిన చోటే నడుము కింది భాగాన్ని ఆపకుండా పైకీ కిందికీ ఊపుతుంది, దాని రొమ్ము మీది తెలుపు రెక్క మడత ముందు నుంచి భుజం వైపు ఒక కొక్కెంలా పైకి పాకి ఉంటుంది. అది ఒంటరిగా, ఎక్కువగా రాతికట్ట అంచున మేస్తుంది. వుడ్ శాండ్‌పైపర్‌కు కంటి మీదుగా వెనక దాకా సాగిన తెల్లని కనుబొమ గీత, వీపు నిండా తెల్లని చుక్కలు, పసుపుపచ్చ కాళ్లు ఉంటాయి. అది గుంపుగా, గడ్డి మొలిచిన బురదలో కనిపిస్తుంది. గ్రీన్ శాండ్‌పైపర్‌కు ఆ కనుబొమ గీత కంటి ముందు దగ్గరే ఆగిపోతుంది, వీపు ముదురుగా ఉంటుంది. మనిషి అలికిడికి మురుగుకాలువ మూల నుంచి గట్టిగా అరుస్తూ నిటారుగా లేచినప్పుడు నల్లని రెక్కల అడుగుభాగం, తళుక్కుమనే తెల్లని నడుము ఒక్క క్షణం కనిపిస్తాయి. ఆ క్షణమే గుర్తింపుకు చాలు. పిచ్చుక కంటె పెద్దవి కాని స్టింట్‌లలో అయితే కాళ్ల రంగే ఆధారం: నల్లకాళ్లది లిటిల్ స్టింట్, పసుపు కాళ్లది టెమింక్స్ స్టింట్. బురద అంటిన కాళ్లకు ఏ రంగూ ఉండదు కాబట్టి, ఈ విషయంలో అనుభవజ్ఞులు కూడా తరచు స్టింట్ అని మాత్రమే రాసి ఊరుకుంటారు, అదే నిజాయితీ.

అదే బురద మీద తోక ఆడిస్తూ పరుగులు తీసే కాటుకపిట్టలు మరొక కుటుంబం. నలుపు తెలుపుల్లో, కంటి మీద తెల్లని బొమతో, ఏడాది పొడవునా ఇక్కడే ఉండే పెద్ద కాటుకపిట్ట అందరికీ తెలిసినదే. దాని సరసన అక్టోబరు నుంచి తెల్లముఖపు వైట్ వాగ్‌టెయిల్, బూడిదవీపుతో పసుపు పొట్ట ఉన్న గ్రే వాగ్‌టెయిల్, పసుపు వాగ్‌టెయిల్‌లు, సిట్రిన్ వాగ్‌టెయిల్ వచ్చి చేరతాయి. జమ్ము, తుంగ దట్టంగా పెరిగిన మూలల్లో బ్లూథ్రోట్ అనే చిన్న పక్షి నేల మీదే తిరుగుతుంది. గొంతు మీద నీలం, ఇటుకరంగు పట్టీలున్న ఈ పక్షి ఎదురుగా తిరిగినప్పుడు తప్ప తన అందం చూపదు. తోక మొదట ఇరువైపులా ఉండే ఇటుకరంగు మచ్చలే ఎక్కువసార్లు దాని ఆచూకీ తెలుపుతాయి.

పెద్ద నీటి మీద వరస వేరు. హిమాయత్‌సాగర్ ఆనకట్ట జలాశయానికి ఈశాన్యపు కొసన ఉన్నందున, ఉదయం అటు నుంచి నీటి వైపు చూసేవారికి సూర్యుడు వీపు వెనక ఉంటాడు. సాయంత్రం అదే చోటు నుంచి చూస్తే నీటి మెరుపులో ప్రతి బాతూ నల్లని మచ్చే. సూదిలాంటి పొడవాటి తోక ఉన్న పిన్‌టెయిల్, గరిటెలా వెడల్పైన ముక్కుతో నీటిని జల్లెడ పట్టే షోవెలర్, కనుబొమ తెల్లగా మెరిసే గార్గనీ, అన్నిటికంటె చిన్నదైన కామన్ టీల్, పసుపు కాషాయాల మధ్య రంగులో ఉండే బాపనబాతు శీతకాలపు అతిథులు. చుక్కమూతి బాతు, చిలువ బాతు స్థానికులు. అక్టోబరులో దిగిన మగ బాతులు పెళ్లి ఈకలు రాల్చుకొని ఆడవాటిలాగే మట్టిరంగులో ఉంటాయని, డిసెంబరు చివరికి గానీ అసలు రంగులు తొడగవని తెలియక, మొదటి నెలలో అన్నీ ఆడపక్షులే వచ్చాయని భ్రమపడేవారు ఉన్నారు. దూరపు గుంపుల్లో నల్లగా కనిపించేవి చాలావరకు బాతులే కావు, నుదుట తెల్లని బొల్లి ఉన్న బొల్లికోళ్లు. తెలంగాణ జలాశయాల అంచుకు కొన్ని శీతకాలాల్లో దిగే చారలతల గూస్ మరో తరహా ప్రయాణికుడు. హిమాలయాలను దాటేటప్పుడు ఈ పక్షి 7,000 మీటర్లకు పైగా ఎత్తులో ఎగిరినట్టు ఉపగ్రహ పరికరాలు నమోదు చేశాయి, అంటే అది విమానాశ్రయం పక్కన వాలేది విమానాలతో పోటీపడదగిన ఎత్తులను చూసి వచ్చాకే.

చెలకల్లో వేటగాళ్లు

నీటి పక్షులకు దొరికిన గుర్తింపు మెట్టనేల పక్షులకు దొరకలేదు, నిజానికి శంషాబాద్ ప్రత్యేకత అక్కడే ఉన్నది. జొన్న కోసిన తరువాత కొయ్యకాళ్లు మిగిలిన చెలక, పశువులు మేసే బీడు, తంగేడు, రేగు పొదలు, గుట్టల చుట్టూ గడ్డి: చూపుకు ఏమీ లేనట్టుండే ఈ నేలకు రెవెన్యూ దస్తావేజుల్లో పోరంబోకు అనో, రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో డెవలప్‌మెంటుకు అనువైన స్థలం అనో పేరు. పిల్లిగద్దలు అని పిలిచే హ్యారియర్‌లు వేటాడేది ఇలాంటి నేల మీదే. రెక్కలను పైకి కొద్దిగా వంచి పట్టుకొని, నేలకు మనిషి ఎత్తులో మెల్లగా ఈదుతున్నట్టు సాగే ఈ గద్దలు చెట్టు మీద కాపువేయవు. గడ్డిలోని ఎలుక అలికిడిని చెవులతో కూడా పసిగట్టి ఒక్కసారిగా పడతాయి, రాత్రి గడ్డినేల మీదే గుంపుగా నిద్రిస్తాయి. మీగడరంగు తల, చాక్లెట్ రంగు ఒళ్లు ఉన్న మార్ష్ హ్యారియర్ జమ్ము మీద తిరుగుతుంది. పాలిపోయిన బూడిదరంగు మగ పాలిడ్ హ్యారియర్, మాంటేగ్యూస్ హ్యారియర్ చెలకల మీద తిరుగుతాయి. ఇవి రెండూ ఆడపక్షులైతే తేడా తేల్చడం నిపుణులకూ తలనొప్పే.

కొయ్యకాళ్ల మీద కూర్చొని నేల మీది పురుగు కోసం దూకి మళ్లీ అక్కడికే వచ్చే సైబీరియన్ స్టోన్‌చాట్, తుమ్మముల్లుకు మిడతను గుచ్చి తీరిగ్గా తినే గోధుమరంగు ష్రైక్, బీడు మీద మట్టిగడ్డల్లా కదిలే పొట్టివేళ్ల భరతపక్షుల గుంపులు, కరెంటు తీగల మీద బారులు తీరే బార్న్ స్వాలోలు ఈ మెట్టనేల చలికాలపు జనాభా. వీటన్నిటి కంటె సందడి చేసేది గులాబి గోరింక. మధ్య ఆసియా స్టెప్పీ గడ్డినేలల్లో మిడతల దండులను తిని పిల్లలను పెంచే ఈ పక్షి అక్కడి నుంచి ఆగస్టులోనే బయలుదేరి, జొన్న పాలుపోసుకునే వేళకు దక్కన్‌కు చేరుతుంది. అందుకే రైతుకు దానిపై ప్రేమ లేదు. అక్కడ పంటను కాపాడిన పక్షే ఇక్కడ కంకి మీద దొంగ అవుతున్నదన్న ఈ వైరుధ్యం వంటి వాటిని, పంటకు పక్షులు చేసే మేలునూ కీడునూ లెక్కగట్టే వ్యవసాయ పక్షిశాస్త్రానికి శంషాబాద్ పక్కనే, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన కేంద్రం ఉన్నది.

కంచెకు ఇరువైపులా

2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలై, బేగంపేట నుంచి ప్రయాణికుల రాకపోకలు ఇక్కడికి మారినప్పుడు సుమారు 5,500 ఎకరాలు దాని పరిధిలోకి వెళ్లాయి. రన్‌వేకు ఇరుపక్కలా ఖాళీ గడ్డినేల ఉండడం భద్రతకు తప్పనిసరి; సరిగ్గా అలాంటి నేలనే తీతువు, భరతపక్షి, గద్ద కోరుకుంటాయి. విమానానికి పక్షి తగిలే ప్రమాదాల్లో అత్యధికం నేలకు దగ్గరగా, ఎగిరేటప్పుడో దిగేటప్పుడో జరుగుతాయి. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో కెనడా గూస్‌ల గుంపు తగిలి రెండు ఇంజన్లూ ఆగిన విమానాన్ని పైలట్ హడ్సన్ నది మీద దింపగా, అందులోని 155 మందీ బతికారు. ఇంజన్లలో చిక్కిన ఈకల రసాయన పరీక్ష ఆ పక్షులు నగరంలోవి కావని, వలస వచ్చినవని తేల్చింది. 2024 డిసెంబరు 29న దక్షిణ కొరియాలోని మువాన్‌లో 179 మంది మరణించిన ప్రమాదంలో, ఇంజన్లలో బైకాల్ టీల్ అనే శీతకాలపు వలసబాతు ఆనవాళ్లు దొరికాయి.

భారతదేశంలో ఈ ముప్పు శీతకాలం కంటె వానాకాలంలోనే హెచ్చు. వానకు ఉసిళ్లు, వానపాములు బయటికి వచ్చి, వాటి కోసం గద్దలూ తీతువులూ రన్‌వే మీదికి చేరడమే ఇందుకు ప్రధాన కారణం. విమానాశ్రయాల సిబ్బంది గడ్డి ఎత్తును అదుపులో ఉంచడం, గ్యాస్‌తో పేలే జోన్ గన్‌లు, బెదురు కూతల రికార్డింగులు వాడడం వంటి పద్ధతులు పాటిస్తారు. అయితే కంచె లోపలి జాగ్రత్తలు కంచె బయటి చెత్త ముందు తేలిపోతాయి. 1937 నాటి విమాన నిబంధనల్లోని 91వ నిబంధన విమానాశ్రయ కేంద్రబిందువు నుంచి పది కిలోమీటర్ల లోపల జంతువులను వధించడం, తోలు ఒలవడం, చెత్త పారవేయడం నిషేధించింది. నల్లగద్దలు గుంపులుగా చేరేది చెరువు వల్ల కాదు, రోడ్డు పక్కన పారేసిన కోడి వ్యర్థాల వల్ల. కాబట్టి విమాన భద్రతకు పక్షుల ఆవాసమే శత్రువని వాదించేవారు ముందుగా చికెన్ సెంటర్ల సంచులు ఎక్కడ తేలుతున్నాయో చూడడం మంచిది. విమానాశ్రయపు కంచె వెంట బైనాక్యులర్స్‌తో, పెద్ద లెన్సుతో నిలబడితే భద్రతాసిబ్బంది ప్రశ్నించడం సహజం గనుక, పరిశీలకులు అక్కడికి దూరంగా ఉన్న గ్రామాల చెరువు కట్టలనే ఎంచుకోవాలి.

కంచె బయటి నేల మాత్రం నిలకడగా లేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహకాన్ని కాపాడేందుకు 1996 మార్చి 8న వచ్చిన 111వ నంబరు జీవో, జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలనూ భారీ నిర్మాణాలనూ అడ్డుకొన్నది. ఆ గ్రామాల్లో ఎక్కువ శంషాబాద్, మొయినాబాద్ మండలాలవే. పక్షుల మాట ఎక్కడా ఎత్తని ఆ ఉత్తర్వు పాతికేళ్ల పాటు చెలకలను చెలకలుగా ఉంచి, ఏ అభయారణ్య ప్రకటనా చేయని మేలు పిల్లిగద్దలకు చేసిందనడం అతిశయోక్తి కాదు. 2022 ఏప్రిల్‌లో 69వ జీవో ద్వారా ఆ ఆంక్షలను సడలించే నిర్ణయం వెలువడింది. మరోవైపు, శిఖం నేల వేసవిలో ఎండి ప్లాటులా కనిపించడంతోనే దాన్ని మట్టితో నింపడం మొదలవుతుంది. 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడ్ వద్ద అప్పా చెరువు తెగి నీరు జాతీయ రహదారి మీదికి వచ్చినప్పుడు గాని చెరువు హద్దు సంగతి చాలామందికి గుర్తుకు రాలేదు. మురుగు చేరిన చెరువును గుర్రపుడెక్క కప్పేస్తుంది. అప్పుడు నామాలకోళ్ల వంటి కొన్ని పక్షులే మిగులుతాయి, బాతులూ ఉల్లంకులూ వెళ్లిపోతాయి. సుందరీకరణ పేరుతో అంచు చుట్టూ రాతిగోడ, నడకబాట కట్టినప్పుడు జరిగేదీ అదే, ఎందుకంటే ఆ గోడ కప్పేది మేత ఉన్న బురదనే.

రాసి పెట్టినవారు

ఈ మార్పులను కొలవడానికి పాత లెక్కలు కావాలి. నిజాం రాజ్యపు పక్షులపై 1931–32లో సలీం అలీ చేసిన సర్వే, హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడి, ఈ ప్రాంతానికి తొలి శాస్త్రీయ పునాది అయింది. 1980లో ఏర్పడిన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ‘పిట్ట’ అనే సంచికతో ఔత్సాహికుల రాతలను కూడగట్టింది. ఆ సంఘమే తరువాత డెక్కన్ బర్డర్స్ అయింది. ఆశీష్ పిట్టీ సంపాదకత్వంలో ‘ఇండియన్ బర్డ్స్’ పత్రిక హైదరాబాదు నుంచే దేశమంతటి పరిశీలకులకు చేరింది. 1987 నుంచి ప్రతి జనవరిలో సాగే ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ సామాన్యుల లెక్కలను కలుపుకొంటాయి. నగరాన్ని చిన్న చదరపు గడులుగా విడదీసి ప్రతి గడిలో పక్షులను లెక్కించే హైదరాబాద్ బర్డ్ అట్లాస్ 2025 ఫిబ్రవరిలో తొలి శీతకాలపు సర్వేతో మొదలైంది. పేరున్న చోట్లకే అందరూ వెళ్లడం వల్ల లెక్కల్లో ఏర్పడే వంకరను ఈ పద్ధతి సరిచేస్తుంది.

ఈబర్డ్ వంటి ఆన్‌లైన్ నమోదులో ‘పూర్తి జాబితా’ అనే నియమం ఉన్నది: అరుదైనవే కాకుండా గుర్తించిన ప్రతి జాతినీ, పట్టిన సమయంతోనూ సంఖ్యతోనూ రాయాలి. కాకి, గోరింక, పసులపోలిగాడు లేని జాబితాకు పరిశోధనలో పెద్దగా విలువ లేదు. ఫొటో కోసం గూళ్ల దాకా, నిద్రచెట్ల దాకా వెళ్లే కెమెరా పోటీలు పెరిగిన ఈ రోజుల్లో, ఫొటో లేకుండా కాగితం మీద వేసిన లెక్కే పక్షికి తక్కువ చేటు, శాస్త్రానికి ఎక్కువ లాభం.

ఫిబ్రవరితో పరిశీలన ముగించే అలవాటు ఒక విషయంలో నష్టం చేస్తుంది. శీతకాలమంతా పసుపు వాగ్‌టెయిల్‌లు వెలిసిన రంగుల్లో ఉంటాయి కనుక, అవి ఏ దేశం నుంచి వచ్చిన ఉపజాతులో చెప్పడం దాదాపు అసాధ్యం. మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు, తిరుగు ప్రయాణానికి ముందు, మగవాటి తలలు రంగు తేలతాయి: స్కాండినేవియా నుంచి సైబీరియా దాకా ఉత్తర అడవుల్లో పుట్టినవాటికి ముదురు బూడిదరంగు, పశ్చిమ సైబీరియా, కజకిస్తాన్ వాటికి లేతనీలపు తలా తెల్లని కనుబొమా, నల్లసముద్రం వైపు వాటికి నిగనిగలాడే నలుపు. అప్పటికి చెరువులో మిగిలేది గేదెలు దిగే కొద్దిపాటి మడుగే; ఆ గేదెల కాళ్ల చుట్టూ లేచే పురుగుల కోసం ఈ గుంపులు దగ్గరగా తిరుగుతాయి కాబట్టి, తలల రంగులు లెక్కపెట్టడానికి స్కోపు కూడా అక్కరలేదు.